మేస్త్రికి చెయ్యిస్తే

గ్లౌజుల మేస్త్రికి చెయ్యి ఇచ్చినవాళ్ళు ఐదు వేళ్ళూ కొలిపించుకోకుండా తిరిగి తీసుకున్న దాఖలా లేదు. పలకరింపుగా చెయ్యి చాపితే చాలు, ఆయన జేబులోంచి టేపు బయటికొచ్చేది.

అలాగని ఆయన్ని తక్కువగా చూడకండి. ఐదో తరగతితో బడికి దండం పెట్టేసిన మనిషి, వ్యోమగాముల దుస్తులు కుట్టే కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. ఆయన కుట్టిన గ్లౌజులు నాలుగుసార్లు అంతరిక్షానికి వెళ్ళి, ఒక్క కుట్టయినా ఊడకుండా తిరిగొచ్చాయి. పెద్ద పెద్ద ఇంజినీర్లు ఆయన బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవారు. కట్టుకోకపోతే కొలిచేస్తాడని భయం.

పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, డాక్టరు బొటనవేలు కొలిచాడు. కూడలిలో పోలీసు చెయ్యెత్తి బండి ఆపితే, "వేళ్ళు ఇంకాస్త విప్పండి సార్" అన్నాడు. బస్సులో కండక్టరమ్మ చెయ్యి పట్టుకుంటే, ఆవిడ టికెట్ల సంగతే మరిచిపోయి, "నా చేతిలో ఏం రాసుందండీ?" అని ఆశగా అడిగింది.

"చిటికెన వేలు పొట్టి," అన్నాడు మేస్త్రి దిగులుగా. ఆ చేతిని కూడా నోటుపుస్తకంలో గీసుకున్నాడు.

ఈ పిచ్చిని అందరికన్నా ఎక్కువగా భరించింది ఆయన భార్య. పెళ్ళయి ఇరవై తొమ్మిదేళ్ళు. టేపు లేకుండా ఆయన తన చెయ్యి పట్టుకున్న రోజు ఎంత తలబద్దలు కొట్టుకున్నా ఆమెకు గుర్తు రాదు.

"ఒక్కసారి ఊరికే పట్టుకుంటే మీ సొమ్మేం పోతుంది?"

"కదలకే, మిల్లీమీటరు తప్పుతుంది."

ఒక ఏడాది చంద్రుడి మీదికి వెళ్ళడానికి ఒక అమ్మాయి ఎంపికైంది. చిన్న చేతుల పిల్ల. పరీక్షలో గ్లౌజుల్లో గాలి నింపితే ఆమె వేళ్ళు కొసలదాకా అందలేదు. రాళ్ళు తీసే పట్టకారు మూడుసార్లు జారి కింద పడింది. డైరెక్టరు పెదవి విరిచాడు.

"ఉన్న గ్లౌజు పట్టేవాణ్ణి పంపుదాం. అసలు మనిషెందుకయ్యా? యంత్రాన్ని పంపితే గ్లౌజే అక్కర్లేదు."

"యంత్రం మనం చెప్పిన రాయే తెస్తుంది సార్," అన్నాడు మేస్త్రి. "పక్కనున్నది వింతగా ఉందే అని వంగి చూసేది మనిషే. నాకు వారం రోజులివ్వండి."

ఆ వారం సాయంత్రాలన్నీ భార్య చెయ్యి ఆయన ఒళ్ళోనే ఉంది. తొడగడం, విప్పడం, కుట్టడం, మళ్ళీ తొడగడం.

"కూర మాడుతోందండీ!"

"మాడనీ. పిడికిలి బిగించు."

ఎనిమిదో రోజున పట్టకారు జారలేదు.

ప్రయాణానికి ముందు ఆ అమ్మాయి మేస్త్రి ఇంటికి వచ్చింది. "అత్తయ్యా, ఓసారి తొడుక్కోండి" అంటూ పరీక్షలో వాడిన గ్లౌజు మేస్త్రి భార్యకి ఇచ్చింది. ఆమె చేతికి అది చర్మంలా అతుక్కుపోయింది.

"మనిద్దరిదీ ఒకే కొలత. మామయ్య పుస్తకంలో మొదటి పేజీ మీ చెయ్యే."

"అసలీయనకి ఈ చేతుల పిచ్చేమిటమ్మా?"

"మీకు చెప్పలేదా? నాకు శిక్షణ ఇచ్చిన మేడమ్‌ని ఒకప్పుడు, సరిపోయే గ్లౌజు లేదని అంతరిక్షానికి వెళ్ళనివ్వకుండా ఇంటికి పంపేశారు. ఆ రోజు మామయ్య ఇంటికొచ్చి మొదట కొలిచింది మీ చేతినేనట. ఇప్పుడు ఆ పుస్తకం చూసే పదకొండు కొలతల్లో గ్లౌజులు కుట్టిస్తున్నారు. రేపు కండక్టరమ్మ కూతురు వెళ్తానన్నా, గ్లౌజు లేదని ఎవరూ ఆపలేరు."

చంద్రుడి మీద ఆ అమ్మాయి, తనని తీయమన్న రాయిని వదిలేసి, వంగి పక్కదాన్ని తీయడం మొగుడూ పెళ్ళాలిద్దరూ టీవీలో చూశారు.

"ఆ చూపుడువేలు నాదేగా?" అంది భార్య.

మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె అలవాటు ప్రకారం వేళ్ళు విప్పి పెట్టింది. టేపు రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. ఆమె మురిసిపోయి ఏదో అనబోయింది.

"ఉంగరం వేలు కాస్త లావెక్కిందే," అన్నాడు మేస్త్రి.

ఆమె నెత్తి కొట్టుకుంది, రెండో చేత్తో.