నానిన శనగ కొలత

పదో తరగతి తర్వాత సరుకుల చీటీ తప్ప నేనేమీ రాయలేదు. ఇప్పుడు కలం పట్టింది, ఒక మాట చెబుదాం చెబుదాం అనుకుంటుండగానే మా మేస్త్రి వెళ్ళిపోయినందుకు.

శుక్రవారం పొద్దున దీపం పెట్టి లేస్తుంటే మా యజమాని ఫోను చేశాడు. "అక్కా, మేస్త్రి పోయినాడు. పాకాల స్టేషన్లో రైలెక్కబోతా కూలబడినాడంట." ముందురోజు సాయంత్రమే "రేపు బిందె కొలతలు సూద్దాంలేమ్మా" అని వెళ్ళిన మనిషి. "ఏ మేస్త్రి?" అని అడిగాను. మాకున్నది ఆయనొక్కడే.

తిరుపతి దగ్గర మా షెడ్డులో స్టీలు రేకును ప్రెస్సు కింద లోతుగా సాగదీసి గిన్నెలు, బిందెలు చేస్తారు. వాటి అచ్చులు గీసేది మేస్త్రి. మూడేళ్ళ కిందట యజమాని ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. పాత్ర ఎత్తు, వెడల్పు ఇస్తే రేకు ఎంత కోయాలో, ఎన్ని విడతల్లో సాగదీయాలో, అచ్చు ఎలా ఉండాలో అదే గీస్తుంది. కానీ మా ప్రెస్సులకు నప్పే కొలతలు ముందు దానికి నేర్పాలి. అవన్నీ మేస్త్రి తలలో ఉన్నాయి. ఆయన చెప్పేవాడు, నేను ఎక్కించేదాన్ని.

"ఇంక ఇంటికి పోయి పడుకో అబ్బా, నీ పని మిషను చేస్తాది" అని ప్రెస్సు దగ్గరివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. "దానికి ఆకలెక్కువప్పా. నేను పెట్టకుంటే పస్తే" అనేవాడు. ముందు నేలమీద సుద్దతో తాను లెక్క వేసి, తర్వాతే తెర వైపు చూసేవాడు. రెండూ కలిస్తే "శిష్యుడు పాసైనాడు". కలవకపోతే "రేకును బెదిరించగూడదని చెప్పమ్మా దానికి. బుజ్జగించాల."

అచ్చులో రేకు జారే అంచు ఎంత గుండ్రంగా ఉండాలో ఆయన గింజల్లో చెప్పేవాడు. పెసరంత, కందంత, శనగంత. నేను గింజను కొలిచి అంకె వేసేదాన్ని.

ఒకసారి శ్రావణమాసంలో, "శనగంత పెట్టమ్మా" అన్నాడు. వాయనంలో వచ్చిన శనగలు నా డబ్బాలో ఉన్నాయి. ఒకటి తీసి కొలిచాను. నానింది ఎండుదానికంటే లావు అని తట్టనే లేదు. అచ్చు తయారై ప్రెస్సు ఎక్కింది. గుండ్రం ఎక్కువై, వచ్చిన గిన్నెలన్నీ అంచున ముడతలే. గుండ్రం తక్కువైతే అరగదీయవచ్చు, ఎక్కువైతే అతికించలేం. అచ్చు తుక్కులోకి పోయింది.

మేస్త్రి ముడతపడిన గిన్నెను తిప్పి చూశాడు. బల్లమీద, ఆ వారం వాయనం శనగలున్న నా డబ్బాను చూశాడు. నేను నోరు తెరిచేలోగా యజమాని వైపు తిరిగి, "నేనే తప్పు చెప్పినానప్పా" అన్నాడు.

"నలభై ఏండ్లు చేసినోడివి, ఇదేం పని?" అని యజమాని అందరిముందూ కేకలు వేశాడు. ఆయన తల వంచుకున్నాడు. నేను మాట్లాడలేదు. తర్వాత నా పక్కన కూర్చుని, "గింజ మార్సు తల్లీ. అంతే" అన్నాడు.

చెబుతాను, చెబుతాను అని రోజూ వేంకటేశ్వరుడికి మొక్కుకున్నాను. మొక్కుతోనే సరిపెట్టుకున్నాను.

మూడోరోజు పాకాల వెళ్ళాను. ఆయన భార్య పక్కన కూర్చోబెట్టుకుంది. "బతుకంతా పనిలో ఒగటే తప్పు చేసినానని నవ్వుతా చెప్పేవాడమ్మా. ఏందో శనగ గింజంట."

ఇంట్లో కూడా చెప్పలేదా ఈ మనిషి! నా గొంతు పక్కవాళ్ళకే సరిగా వినపడదంటారు. "ఆ తప్పు నాది వదినా" అన్నమాట మాత్రం వాకిట్లో ఉన్న యజమానికి కూడా వినపడింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు.

ఆమె "దొంగముండాకొడుకు" అని మొగుణ్ణి తిట్టింది, ఏడుస్తూ, నవ్వుతూ. లేచి నాకు చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగబోతూ నాకు తెలియకుండానే అంచు చుట్టూ వేలు తిప్పాను.

"ఆయనా అంతే" అంది. "ఏ పెండ్లికి పోయినా అంచు తడిమినాకనే నీళ్ళు తాగేది. ముడత దొరికితే, పాపం ఎవురో తొందరపడినాడు అనేవాడు."

షెడ్డులో మిగతావాళ్ళకు రేపు నేనే చెబుతాను. నోటితో చెప్పవలసింది కాగితం చెప్పకూడదు. అందుకని ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా దాచి ఉంచండి, ఎవరికీ చూపించకండి.