ఖాళీల బావ

ఆయన చెవిన "ఖాళీ" అన్న మాట పడకూడదు. పడిందా, అన్నవాడి పని అయిపోయినట్టే. పెళ్ళి విందులో ఎవరో పెద్దమనిషి మాటవరసకి "ప్రస్తుతం ఖాళీయేనండీ" అంటే, చేతిలో పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టేసి, "ఏ రకం ఖాళీ? పని పోయి ఖాళీయా, పని వెతుకుతూ ఖాళీయా, వెతకడం మానేసి ఖాళీయా?" అని తగులుకున్నాడు. విందు ముగిసేసరికి ఆ పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గర అయితే, నోటి నిండా దూది పెట్టుకుని కూడా, వారానికి ఎన్ని గంటలు పని చేస్తారని డాక్టర్నే అడిగాడు. డాక్టరుకి ప్రశ్న అర్థం కాక ఇంకో పన్ను పీకబోయాడట.

"గదులు ఖాళీగా ఉంటాయి, గిన్నెలు ఖాళీగా ఉంటాయి. మనిషి ఖాళీగా ఉండడు" అనేవాడు. అసలు మన భాషే మోసం చేసిందని ఆయన ఫిర్యాదు. పని లేని మనిషినీ ఖాళీ అంటాం, మనిషి లేని పనినీ ఖాళీ అంటాం. ఈ రెండు ఖాళీలూ ఒకే ఊళ్ళో కాపురం ఉంటూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవెందుకో చెప్పమనేవాడు. చుట్టాలంతా చాటున ఆయన్ని ఖాళీల బావ అనేవారు. ఆయనకీ తెలుసు.

ఆయన కొలువే అలాంటిది. నెలనెలా ఇంటింటికీ వెళ్ళి, ఎవరికి పని ఉందో, ఎవరికి లేదో ఫారంలో రాసుకురావాలి. ఆ ఫారాలన్నీ కూడితేనే రాష్ట్రంలో నిరుద్యోగం ఇంత శాతమని ప్రతి నెలా ప్రకటన వెలువడేది. ఫారంలో మూడే గళ్ళు: పనిలో ఉన్నారు, పని వెతుకుతున్నారు, శ్రామిక శక్తిలో లేరు. నిబంధన ప్రకారం భార్యని మూడో గడిలో వేయాలని తెలిసిన రోజున ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. "శ్రామిక శక్తిలో లేనివాళ్ళు వంట చెయ్యరండీ" అని ఆవిడ వీధి గుమ్మంలో కూర్చుంది.

ఆవిడ తమ్ముడు మేజోళ్ళ మిల్లులో మెకానిక్. మిల్లు మూతపడి పద్నాలుగు నెలలైంది. ఒంటిగది ఇల్లు, ఒంటరి ప్రాణం. సర్వేకి చీటీలు తీస్తే ఆ ఇల్లే తగిలింది. తగిలిన ఇంటిని వరసగా నాలుగు నెలలు అడగాలి. ఇంట్లో తన ప్రాణం తీసింది చాలక తమ్ముడి మీద పడ్డాడని అక్క విసుక్కుంది గాని, చీటీకి చుట్టరికం తెలియదు కదా.

ఫారాల ఫైలు మూసి ఉంటే బావ మామూలు బావే. "ఏరా, తిన్నావా?" అని మంచం మీద చతికిలబడేవాడు. ఫైలు తెరిచాడంటే మాత్రం మెకానిక్‌కి ఒక్కసారిగా మర్యాద పెరిగిపోయేది.

"గడిచిన వారంలో తమరు ఒక్క గంటైనా పని చేశారా అండీ?"

మొదటి నెల మెకానిక్ బుద్ధిగా, పని లేదు, వెతుకుతున్నానన్నాడు. నిరుద్యోగి అయ్యాడు. రెండో నెల, పక్కింటావిడ కుట్టుమిషను బాగుచేశానని నోరు జారాడు. ప్రతిఫలం ఏమైనా ముట్టిందా అని బావ ఆరా తీశాడు. ఆవిడ ఓ గుడ్డసంచీ కుట్టిచ్చింది. వారంలో గంట పని, అందుకు ప్రతిఫలం: నిబంధన ఇంతకన్నా అడగదు. ఆ నెల మెకానిక్ గుడ్డసంచీతో సహా ఉద్యోగస్థుల్లో చేరిపోయాడు.

మూడో నెల మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకునే జవాబు చెప్పాడు. "వెతకడం మానేశాను బావా. రాసుకుని వెళ్ళు."

బావ రాయలేదు. వెతకడం మానేసినవాడు నిరుద్యోగి కూడా కాడు. మూడో గడిలోకి జారిపోతాడు. ఇలాంటివాళ్ళు నాలుగు వేలమంది జారితే ఆ నెల నిరుద్యోగం తగ్గినట్టు లెక్క. కిందటి నెల అలాగే తగ్గింది. పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ సంగతి మెకానిక్‌కీ తెలుసు. తాను ఆశ వదిలేస్తే రాష్ట్రం బాగుపడుతోంది, ఈ వయసులో జనానికి ఇంతకన్నా ఏం సేవ చేస్తానని గోడతోనే అన్నాడు.

బావ ఫైలు మూశాడు. "గడువు శనివారం దాకా ఉంది. శుక్రవారం పొద్దున్నే గడ్డం గీసుకుని ఉండు" అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం సెలవు పెట్టి వచ్చి, మెకానిక్‌ని మూడు గేట్ల దగ్గరికి తిప్పాడు. సోడా ఫ్యాక్టరీ, అచ్చాఫీసు, లిఫ్టుల కంపెనీ. మూడు చోట్లా వాచ్‌మన్ లేచి కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, పేరూ అనుభవమూ పుస్తకంలో రాసుకున్నాడు. తరవాత, ఇప్పుడు ఖాళీలు లేవండీ అని మెల్లగా చెప్పాడు. మిల్లు మూసిన కొత్తల్లో తానొక్కడే తిరిగినప్పుడు వాచ్‌మన్లు ఈగని తోలినట్టు తోలారు. ఏడాదిలో లోకం ఇంత మర్యాద నేర్చుకుందా అని మెకానిక్‌కి ఆశ్చర్యం వేసింది.

మూడో గేటు దాటాక బావ ఫైలు తెరిచాడు. "అభినందనలండీ. తమరు నిరుద్యోగులు."

మెకానిక్ మండిపడ్డాడు. "నీ ఫారం నింపుకోడానికి నన్ను వీధులమ్మట తిప్పావు. ఒక్క ఉద్యోగం ఇప్పించగలవా నువ్వు?"

"ఇప్పించలేను."

"మరెందుకీ నాటకం?"

"ఆ మూడో గడిలో ఏం రాసుంటుందో చూశావా? లేరు అని ఉంటుందిరా. బతికున్నవాణ్ణి పట్టుకుని లేరని ఎలా రాయను?"

మెకానిక్ వచ్చిన బస్సెక్కేశాడు.

ఈ పిచ్చికి బావ చెల్లించింది తక్కువేం కాదు. ఆయన వార్డులో నిరుద్యోగం ఎప్పుడూ పైనే ఉండేది. పక్క వార్డు ఎంత ప్రశాంతంగా ఉందో చూడమని పై అధికారి పిలిచి చీవాట్లు పెట్టాడు. పక్క వార్డులో అందరూ ఆశ వదిలేశారండీ అని ఈయన వినయంగా మనవి చేసుకున్నాడు. ప్రమోషన్ రెండుసార్లు ఆగిపోయింది.

గేట్లన్నీ తిప్పిన తరవాతి వారమే, బావ సర్వేకి వెళ్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆఫీసు నుంచి ఫోన్ చేసిన గుమాస్తాకి ఆ మాట నోరు తెరిచి చెప్పడం చేతకాలేదు. "సారు లేరమ్మా" అన్నాడు. "ఏ వీధికి వెళ్ళారు?" అని అడిగింది అక్క.

పదిహేను రోజులు మెకానిక్ అక్క ఇంట్లోనే ఉన్నాడు. తిరిగొచ్చాక ఒంటిగది కరవబోయింది. తోచక బయటపడి, కాళ్ళు ఎటు లాగితే అటు నడిచి, ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలాడు. వాచ్‌మన్ తలెత్తకుండానే, లేవు జరుగు అన్నాడు. నూలు గోదాము దగ్గర ఆ మాత్రం కూడా అనలేదు, చెయ్యి ఊపాడంతే. పెంకుల ఫ్యాక్టరీలో కుక్కని చూపించారు. ఉక్రోషంతో తిన్నగా సోడా ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడి ముసలి వాచ్‌మన్ మళ్ళీ లేచి కుర్చీ వేశాడు.

"మీలాంటి మంచివాళ్ళు తక్కిన గేట్ల దగ్గర ఎందుకు లేరు తాతా?"

"నేనూ అలాంటోణ్ణే బాబూ. మీ బావగారే, మనిషిని తీసుకొచ్చే ముందురోజు ఒక్కడూ వచ్చేవాడు. ఉద్యోగం ఇవ్వమనను, లేదని చెప్పేదేదో కూర్చోబెట్టి చెప్పండి అని బతిమాలేవాడు. పిచ్చోడనుకున్నాను. తొమ్మిదేళ్ళు వచ్చాడు, నెలకి ఇద్దర్నో ముగ్గుర్నో వెంటేసుకుని. కుర్చీ లేదని నేనంటే ఇదీ ఆయనే మోసుకొచ్చి పడేశాడు."

మెకానిక్ ఆ కుర్చీలో చాలాసేపు కూర్చున్నాడు. వాచ్‌మన్ తొందరపెట్టలేదు.

నాలుగో నెల సర్వేకి కొత్తగా చేరిన అమ్మాయి వచ్చింది. పని వెతికారా అని తల వంచుకుని అడిగింది.

"వెతికానమ్మా. నాలుగు చోట్ల. మూడు చోట్ల కూర్చోమనలేదు. అదీ రాసుకో."

"దానికి గడి లేదండీ."

"పక్కన రాయి తల్లీ. చోటుంది."

అమ్మాయి ఫారం అంచున చిన్న అక్షరాలతో రాసింది.

ఆ నెల రాష్ట్రంలో నిరుద్యోగం స్వల్పంగా పెరిగిందని ప్రకటించారు. మంత్రిగారు ఆందోళన వ్యక్తం చేశారు. అక్క పత్రికలో అది చదివి, నెల రోజుల తరవాత మొదటిసారి తానుగా ఫోన్ తీసి తమ్ముడికి చేసింది.

"ఆ పెరిగింది నువ్వేనట్రా?"

"నేనే అక్కా" అన్నాడు మెకానిక్.