నన్ను సిలువ దించబోయిన అవ్వ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. పంతొమ్మిదేళ్ల వయసు, ట్రైనింగు పాసైన కాగితం, నూనె రాసి పాపిడి తీసిన తల, ఈ మూడూ ఉన్నవాడికి ఇంకేం తెలియాలి? క్రీస్తు సిలువ మీద ఎందుకు చనిపోవలసి వచ్చిందో పదకొండు పేజీల నోట్సు రాసుకుని, తడుముకోకుండా అప్పజెప్పేవాణ్ణి. ఆ విద్యతోనే గిద్దలూరు అవతల, నల్లమల అంచున ఒక మిషన్ బడికి పంతులుగా వెళ్లాను. బడి మా వాళ్ల పల్లెలో ఉండేది. (ఊరికి ఎడంగా కట్టుకున్న గుడిసెలు. మధ్యలో ఒక గట్టు. ఊళ్లోవాళ్లు ఆ గట్టు దాటి వచ్చేవాళ్లు కారు.) నా ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో మార్కాపురం నుంచి మిషన్ దొరగారు వచ్చి తేల్చాలి. ఆయన మంచి శుక్రవారానికి వస్తున్నారని కబురందింది.

మా గుడి ఉపదేశి నాకు వరసకు మామ. "ప్రసంగం వద్దు అల్లుడా, నాటకం ఆడదాం. దొర సంతోషపడతాడు" అన్నాడు. ఏసు వేషానికి నన్నే ఎంచాడు. నా భక్తిని చూసే అనుకుని పొంగిపోయాను. "ఇంత సన్నంగా పల్లెలో ఇంకెవురుండారు? లావోణ్ణి కడితే కొయ్య ఇరుగుతాది" అని ఆయనే తర్వాత చెప్పాడు. ఊరి కాపలా తలార్ల దగ్గర ఎర్ర తలపాగాలు అడిగి తెచ్చి ఇద్దరు రోమా సైనికులను తయారుచేశాం. నా గడ్డానికి నల్లగొర్రె బొచ్చు ఊళ్లోని గొర్రెల అవ్వ ఇచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. రోజూ మందను తోలుకుపోతూ గట్టు మీద నుంచే "ఏం పంతులూ, తిన్నావా?" అని కేకేసి పలకరించేది.

శుక్రవారం మధ్యాహ్నం దొరగారు కుర్చీలో, పల్లె అంతా నేల మీద, ఊళ్లోవాళ్లు గట్టు మీద చేరారు. సైనికులు నన్ను కొయ్యకు కట్టి, పేనిన తువ్వాలుతో నాలుగు వేశారు. వాళ్లను క్షమించమని నేను తండ్రిని వేడుకున్నాను. నా గొంతు నాకే బాగా అనిపించింది. ఇంతలో గట్టు మీద నుంచి కేక.

"ఆపండ్రా! ఆ బిడ్డ ఏం జేసినాడురా మీకు?"

అవ్వ గట్టు దిగి, గబగబా వచ్చి, చేతికర్రతో మొదటి సైనికుడి తలపాగా ఎగరగొట్టింది. రెండోవాడు బల్లెం పారేసి దొరగారి కుర్చీ వెనక నక్కాడు. (రోమా సామ్రాజ్యం అంత తొందరగా కూలిందని నేను బళ్లో ఎప్పుడూ చెప్పలేదు.)

"ఇది నాటకమవ్వా" అన్నాడు మామ.

"నాటకమైతే మాత్రం, సంపకుండా ఆడలేరా? పైన తండ్రి ఉండాడంటిరి గదా. ఊరికే పోనీలే అంటే ఆయనకేం తక్కువాయె?"

మామ దొరగారి వైపు చూశాడు. దొరగారు నా వైపు చూశారు. నేను కొయ్య మీది నుంచే నోట్సు అందుకున్నాను. "పాపపరిహారార్థమై నిర్దోషమగు బలి ఆవశ్యకమై..."

"ఏందది? తెలుగులో చెప్పు" అంటూ అవ్వ నా చేతి ముడి విప్పసాగింది. గడ్డం సగం ఊడి నోట్లో పడింది. రెండో పేజీ మరిచిపోయాను. ఒక చెయ్యి ఊడి వచ్చింది. దాంతోపాటే ఉద్యోగమూ ఊడుతోందని భయమేసింది.

"ఇప్పాకవ్వా!" అని అరిచాను. "నన్నెవురూ పట్టుకొచ్చి కట్టలా. నేనే వచ్చినా. వీళ్ల మీదికి వచ్చేది నా మీదికి రానీ అని అడ్డం నిలబడినా. నేను దిగిపోతే వీళ్లకు అడ్డం ఎవురు?"

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"మా ఆయన గూడా అట్లనే" అంది మెల్లగా. "చిరుతపులి మీదికొస్తే మా చిన్నోణ్ణి ఎనక్కి నెట్టి తాను ముందుకు పోయినాడు. పోవాకని నేను అరస్తానే ఉండా. ఇనలా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అట్లయితే ఇప్పకూడదులే."

ఊడిన చేతిని తానే మళ్లీ కట్టింది. (మేకలను, గొర్రెలను కట్టిన చెయ్యి. ఆ ముడి విప్పడం తర్వాత ఎవరికీ రాలేదు, కొడవలితో కోశారు.) "బిన్నా కానీండి మరి, బిడ్డకు చేతులు లాగుతాండాయి" అని సైనికులను తొందరపెట్టి, మా ఆడవాళ్ల మధ్య నేల మీదే కూర్చుంది. వాళ్లు ముందు బెదిరి జరిగారు. ఆమె ఏడవడం చూసి మళ్లీ దగ్గరికి వచ్చారు. దొరగారు వెళుతూ వెళుతూ నా భుజం తట్టి, "మీ ప్రసంగము చాలా పొట్టి. మంచిది" అన్నారు. ఉద్యోగం ఖాయమైంది.

అందరూ లేచి వెళ్లిపోతున్నా అవ్వ మాత్రం కదలకుండా నిలబడి, "మళ్లా ఎప్పుడు లేస్తాడు?" అని మామను అడిగింది. ఆదివారం తెల్లారేసరికి అన్నాడు మామ. ఆదివారం కోడికూతకే నా గుడిసె తలుపు దబదబా మోగింది. తీసి చూస్తే అవ్వ, చేతిలో మజ్జిగ ముంత.

"లేసినాడా?" అంది ఆత్రంగా.

"ఇంకా లేదవ్వా" అన్నాను ఆవలిస్తూ. నన్ను పైనుంచి కిందికి చూసి, "అది కనపడతానే ఉంది. ముఖం కడుక్కో, గుడికి పోదాం" అంది.

ఇప్పుడు నాది ఆ అవ్వ వయసు. పునరుత్థాన పండుగ నాడు అందరికన్నా ముందు లేచి గడప మీద కూర్చుంటాను. మా మనవరాళ్లు అది భక్తి అనుకుంటారు. చాలా భాగం భక్తే. మిగిలిన కాస్తా, బంక వదలని గడ్డం వెంట్రుకలతో, నిద్రకళ్లతో, మజ్జిగ ముంత అందుకున్న ఆ సర్వజ్ఞుణ్ణి తలుచుకుని నవ్వుకోవడానికి.