తీర్థం పోసిన ట్యాంకు

జిగణి ఇండస్ట్రియల్ ఏరియాలో సిలిండరు మంచిదా చెడ్డదా అని తేల్చాలంటే నేటికీ తిమ్మరాయప్పనే పిలుస్తారు. ఊరి బళ్లో ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. అయినా ఆసుపత్రుల ఆక్సిజన్ సిలిండర్లు కానీ, ఫైర్ సర్వీసు వాళ్ల గాలి సిలిండర్లు కానీ, నీళ్లలో మునిగేవాళ్ల ట్యాంకులు కానీ ఆయన సుత్తి దెబ్బ తినకుండా ఆ టెస్టింగ్ షెడ్డు గడప దాటలేదు. ఆయన ముద్ర కొట్టిన సిలిండరు ఒక్కటైనా పేలిందా? లేదు. మంచిదాన్ని చెడ్డదని పక్కన పెట్టాడా? అదీ లేదు. ఒక పెద్ద కంపెనీ మేనేజరు కారు పంపించి బతిమాలినా పాడైపోయిన సిలిండరుకు ముద్ర వెయ్యలేదు. చందాపుర చుట్టుపక్కల వీపుకు ట్యాంకు కట్టుకొని నీళ్లలో మునిగిన మొట్టమొదటి మనిషి కూడా ఆయనే.

ఈ చివరి మాట మాత్రం ఊళ్లో ఎవరూ నమ్మరు. నమ్మకుండా చేసింది ఆవులప్ప.

చాలా ఏళ్ల కిందట గంగమ్మ జాతరలో తెప్ప ఒరిగి, అమ్మవారి ఉత్సవ విగ్రహం ఊరి పక్క రాతి క్వారీ నీళ్లలో పడిపోయింది. ఆవులప్ప అప్పట్లో బావుల్లో పడిన మోటార్లు పైకి తీయించే కాంట్రాక్టరు. మద్రాసు పాత సామాన్ల అంగడిలో కొన్న ఉక్కు స్కూబా ట్యాంకు ఒకటి అతని దగ్గర ఉండేది. దాన్ని పరీక్ష చేసి ముద్ర కొట్టింది తిమ్మరాయప్పే. షెడ్డుకు వచ్చే ఫైర్ సర్వీసు వాళ్ల దగ్గర దాన్ని వాడటం నేర్చుకున్నదీ ఆయనే. ఆ రోజు జోరున వాన. జనమంతా కంకర కొట్టే జల్లి క్రషర్ రేకుల కిందికి పరుగెత్తారు. గట్టున మిగిలింది వీళ్లిద్దరే. తిమ్మరాయప్ప ట్యాంకు కట్టుకొని మునిగాడు. దిగేటప్పుడే నీళ్ల ఒత్తిడికి ఎడమ చెవి పగిలింది. అయినా పైకి రాలేదు. బురదంతా తడిమి, అమ్మవారిని గుండెకు హత్తుకొని తెచ్చాడు. గట్టెక్కుతూనే తెలివి తప్పి పడిపోయాడు.

ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి కథ మారిపోయింది. ఆయన వీపు మీది ట్యాంకు విప్పి ఆవులప్ప తన వీపుకు కట్టుకున్నాడు. విగ్రహాన్ని నెత్తిన పెట్టుకొని ఊళ్లోకి నడిచాడు. మునిగింది తానేనన్నాడు. తిమ్మరాయప్ప గట్టు మీద కాలుజారి చెవి పగలగొట్టుకున్నాడన్నాడు. ఆ ఏటినుంచి జాతరలో మొదటి తాంబూలం ఆవులప్ప ఇంటికే. ఆ పళ్లెం తన ముందునుంచి పోయిన ప్రతిసారీ తిమ్మరాయప్ప వినిపించని చెవిని అటు తిప్పి నిలబడేవాడు. చెప్పినా నమ్మేవాళ్లు లేరని నోరు మెదిపేవాడు కాదు. తన సుత్తికి నూనె రాసుకున్నట్టే పగకు కూడా తుప్పు పట్టనివ్వకుండా చూసుకున్నాడు.

ఈ ఏడు జాతర ముందు అదే ట్యాంకు మెడలో పూలదండతో షెడ్డుకు వచ్చింది. ఆవులప్ప అల్లుడు మునిరాజు మురుడేశ్వరంలో స్కూబా నేర్చుకొని వచ్చాడు. క్వారీ నీళ్లలో దించే కలశాన్ని జాతరనాడు ఆ ట్యాంకుతోనే మునిగి పైకి తెస్తాడట. మామ మర్యాద ఇక అల్లుడికి అన్నమాట. గుడి కమిటీ పెద్ద నంజప్ప కూడా వెంట వచ్చాడు. షెడ్డు యజమానురాలు శశికళ వాళ్లకు ఒకటే మాట చెప్పింది.

"తాత చూసి సరే అంటేనే గాలి పట్టేది."

ఆవులప్ప పళ్లికిలించాడు. "చెవుడోనికి సుత్తి మోత ఎట్ల వినిపిస్తాదమ్మా?"

"ఒకటి చెడిపాయ, ఇంకొకటి ఉండాది కదప్పా. నీ ట్యాంకు గొంతు నాకు బాగా గొత్తు, ఎప్పుడు విన్నా గుర్తుపడతాను," అంటూ తిమ్మరాయప్ప దండ తీసి పక్కన పడేశాడు.

పసుపు రంగు కొత్తగా వేయించారు. అద్దంలా మెరుస్తోంది. భుజం మీద ఆ రంగు కింద తన పాత ముద్ర వేలికి తగిలింది. ట్యాంకు మంచిదని తేలితే ఏం చేయాలి? తన చేత్తోనే ఇంకో ముద్ర కొట్టాలి. మళ్లీ ఆ పళ్లెం ఆ ఇంటికే పోవాలి. పోనీ, మంచిదాన్ని చెడ్డదంటే? ఇన్నేళ్ల పేరు ఆవులప్ప కోసం చెడగొట్టుకోవడమా! ఆయనకు రెండూ గొంతు దిగలేదు. 'తుప్పు ఉండాల తల్లీ, లోపల తుప్పు ఉండాల' అని గంగమ్మనే మొక్కుకున్నాడు.

సుత్తితో కొట్టి, బాగున్న చెవిని దాని దగ్గర పెట్టాడు. ట్యాంకు ఖంగుమంది. నిఖార్సయిన మోత.

"విన్నావా నంజప్పా? గుడి గంట మాదిరి!" ఆవులప్ప తొడ చరిచాడు.

తిమ్మరాయప్ప గుండె జారింది. అయితే చెయ్యి మాత్రం ఆగలేదు. వాల్వు తిప్పి చూశాడు. లోపల గాలి లేదు. పెద్ద స్పానరు పట్టి వాల్వు ఊడదీశాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే పాత బావి వాసన కొట్టింది. వైరుకు కట్టిన చిన్న బల్బును లోపలికి వదిలి, ఒక కన్ను మూసి చూశాడు. ఎప్పుడూ ఒకే వైపు పడుకోబెట్టి ఉంచినట్టు, ఒక పక్క పొడవునా ఎర్రటి చార. ఆ చార నిండా అమ్మతల్లి మచ్చల్లా గుంటలు.

ముసలాయన మొహంలో ఏమీ కనిపించలేదు. తెల్లగుడ్డ పరిపించి, ట్యాంకును తలకిందులు చేశాడు. ఇటుకరంగు నీళ్లు కారాయి. వెనకే తుప్పు పెళ్లలు రాలాయి.

మునిరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు.

అక్కడే "పనికిరాదు" అనేస్తే పని అయిపోయేది. తిమ్మరాయప్ప అనలేదు. స్టూలు లాక్కొని కూర్చున్నాడు. గొంతులో తేనె కలుపుకున్నాడు.

"లోపలికి నీళ్లు ఎట్ల వచ్చెనప్పా ఆవులప్పా?"

"నీళ్లు కాదు, తీర్థం!" ఆవులప్ప మీసం సవరించాడు. "ఏటేటా ఆయుధపూజకు లేత్ షాపులో మూత ఇప్పించి, చెంబుడు గంగమ్మ తీర్థం పోసి, పూజ పీట మీద పండబెడతాము. తల్లి లోపల ఉండాల కదా."

"ఓహో! ఆ పొద్దు నువ్వు మునిగినప్పుడు గూడా పోసుకొనే పోయింటివా?"

"పోయకుండా పోతానా? నిండా పోసింటి. నీళ్లలో బతికేదానికి నీళ్లు లేకుంటే ఎట్లప్పా? దాంట్లోనుంచే కదా చల్లగా గాలి వచ్చేది. గుటగుట మోత నా చెవుల్లో ఇప్పటికీ ఉండాది."

శశికళ తల పక్కకు తిప్పుకుంది. మునిరాజు మాత్రం మామను ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

"మామా, దీంట్లో ఉండేది ఒట్టి గాలి. బిగించి నింపిన గాలి. నీళ్లు నింపుకొని మునిగితే ఒక్క ఊపిరి గూడా రాదు. నువ్వు... నువ్వు మునిగింటివా నిజంగా?"

"ఏయ్, అది పాత కాలం ట్యాంకు! నీకేం గొత్తు?"

"పాతదైతే ఏమి మామా? గాలి గాలే కదా!"

నంజప్ప లేచి నిలబడ్డాడు. తెల్లగుడ్డ మీది ఎర్రనీళ్లు చూశాడు. ఆవులప్ప మొహం చూశాడు. ఆఖరికి తిమ్మరాయప్ప వైపు తిరిగాడు.

"అట్లయితే ఆ పొద్దు లోపలికి పోయిందెవరప్పా?"

తిమ్మరాయప్ప ఎడమ చెవిని వేలితో ఒకసారి తట్టి, మునిరాజుతో పని మాట మాట్లాడాడు. "వినప్పా. గుంటలు పడిన చోట ఉక్కు పల్చనయిపోయింటాది. గాలి నింపితే అక్కడే చీలుతాది. చీలకున్నా, తుప్పు లోపలి గాలిలో ప్రాణముండేదాన్ని తినేస్తాది. నువ్వు అడుగున కలశం పట్టుకొనే నిద్రపోతావు. శశీ, కటింగ్ మిషను తీసుకురామ్మా."

చెడిపోయిన సిలిండరును రెండు ముక్కలు చేసి గానీ బయటికి పంపకూడదన్నది ఆ షెడ్డు నియమం.

ఆవులప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. నోట్లోంచి 'చెవుడోడు' అన్న మాట మాయమయింది. "తిమ్మరాయన్నా, కొయ్యొద్దన్నా. గాలి పట్టొద్దు. సుమ్మనే, ఊరికే పూజలో పెట్టుకుంటాను. జాతర అయ్యేదాకన్నా ఉండనీ. ఊరంతా దానికి దండం పెడతాది."

"ఏమంటివి? ఈ పక్క వినపడదప్పా," అన్నాడు తిమ్మరాయప్ప.

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"ఊహూ. వినపడలేదు."

మూడోసారి అడిగించుకునేదాకా ఆగాడు. ఆ తర్వాత మిషను శశికళకు కూడా ఇవ్వకుండా తానే పట్టుకున్నాడు. పసుపు రంగు రేగింది, నిప్పురవ్వలు లేచాయి. భుజం మీద తన పాత ముద్ర ఉన్న చోటికి బ్లేడు వచ్చినప్పుడు క్షణంసేపు మిషను ఆపాడు. తాను మునిగినదానికి మిగిలిన గుర్తు ఈ లోకంలో అదొక్కటే. పళ్లు బిగించి, ముద్ర మీదుగానే కోశాడు.

రెండు ముక్కలూ నేల మీద పడ్డాయి. అడుగుభాగం ముక్కను ఎత్తి ఆవులప్ప చేతుల్లో పెట్టాడు. మిగిలిన ఎర్రనీళ్లు ఆవులప్ప తెల్లపంచె మీద ధారగా కారాయి. పక్కన పడేసిన పూలదండను తిమ్మరాయప్ప తానే వంగి తీసి, ఆ ముక్క మీద పద్ధతిగా వేశాడు.

"తీసుకుపో ఆవులప్పా. ఇంక మూత ఇప్పించేదానికి లేత్ షాపుకు పోయే పని లేదు. నోరు బాగా తెరుచుకొని ఉండాది. ఎంత తీర్థం కావాలన్నా పోసుకో."