మా మేడమీది నాటక రచయిత్రి

ఒర్లియంపేటలో మా మేడమీది గదిలోకి ఆ ఏడు ఒక సెర్బియా ఆవిడ అద్దెకు దిగింది. అరవై దాటిన మనిషి. నాటకాలు, సినిమాలు రాసేది. నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి ఇంట్లో ఆవిడతో మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే.

ఒకరోజు కాఫీ తాగుతూ, "మీ ఆయన్ని రోజూ బీచ్ రోడ్డులో చూస్తున్నాను. పొద్దంతా అక్కడే కూర్చుంటాడు" అంది.

మూలకుళం దగ్గర కంపెనీలో ఆయన పని పోయిందని మా ఇద్దరికే తెలుసు. అత్తకు గుండెలో స్టెంట్ వేసి ఎన్నాళ్ళో కాలేదు. అందుకే ఆయన రోజూ క్యారియర్ పట్టుకుని పనికి పోయినట్టే పోయేవాడు.

మాట మార్చాలని ఆవిడ మొదటి నాటకం గురించి అడిగాను. తండ్రి రైలింజను డ్రైవరట. తాగి వచ్చి భార్య ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడట. చదువుకునే రోజుల్లోనే అదంతా నాటకంగా రాసింది. బెల్‌గ్రేడ్‌లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తండ్రి మాత్రం సగంలోనే వెళ్ళిపోయాడు. చనిపోయేదాకా కూతురితో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆవిడ నాటకం జోలికి పోలేదు. పరాయివాళ్ళ కథలకు సినిమా స్క్రిప్టులు, టీవీ సీరియళ్ళు రాసి పేరు తెచ్చుకుంది.

"ఇప్పుడు మళ్ళీ నాటకమే రాస్తున్నాను" అంది.

ఇక నాకు స్థిమితం లేదు. పైన టైపు చేసే చప్పుడు వినబడితే భయం, ఆగితే ఇంకా భయం. ఆవిడ కిందికి దిగి అత్త పక్కన కూర్చుంటే, సైగలతోనైనా చెప్పేస్తుందేమోనని వంట మీద మనసు నిలిచేది కాదు.

చివరికి మా ఆయనతో అన్నాను: "ఎవురో చెప్పేదానికి ముందు మీరే చెప్పేయండి. నా వల్ల కాదు."

మర్నాడు పొద్దున ఆయన, "అమ్మా, నాకు పని పోయిందమ్మా" అన్నాడు. నేను మాత్రల డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏందిరా, ఇప్పుడు కొత్తగా చెప్తావు? నీ చొక్కాకి మిషను నూనె వాసన పోయి ఎన్నాళ్ళాయె! యాడ పోయి కూచుంటావో తెలీకనే బయపడతా ఉంటిని."

నేను మేడమీదికి పోయి, "మీ నాటకంలో ఉన్న ఇల్లు మాదేనా?" అని నేరుగా అడిగేశాను.

ఆవిడ ల్యాప్‌టాప్ మూసింది. "కాదు. ఆరోజు థియేటర్ నుంచి వెళ్ళిపోయాక మా నాన్న ఏం చేశాడో, అదే రాస్తున్నాను. ఆయన ఎక్కడికి వెళ్ళాడో నాకు తెలియదు. ఇంటికి పోలేని మగవాడు ఎలా కూర్చుంటాడో చూద్దామని మీ ఆయన్ని చూశాను. తప్పే."

కోపం రావాల్సింది. రాలేదు.

మా ఆయన ఇప్పుడు అరియాంకుప్పంలో ఒక షాపులో పనికి పోతున్నాడు. ఆవిడ నాటకం పూర్తిచేసుకుని వెళ్ళింది. ఈమధ్య ఫోనులో చెప్పింది, నాటకం ఆడారట. అది చూశాక ఆవిడ తమ్ముడు ఇన్నేళ్ళకు నోరు విప్పాడట: ఆరోజు తండ్రి, అప్పట్లో తను విడిగా ఉన్న గదికే వచ్చాడని. తండ్రి ఏమన్నాడో మాత్రం ఇంకా చెప్పలేదట.

"మళ్ళీ అడగాలి. భయంగా ఉంది" అంది.