సముద్రాన్ని ఎదురుగా పెట్టుకున్న మ్యాపు

మొన్న మా మనవరాలు ఫోనులో దారి చూస్తూ, నేనెటు తిరిగితే మ్యాపు కూడా అటే తిరుగుతుంది చూడు అమ్మమ్మా అని చేతిలో పెట్టింది. నిజంగానే తిరిగింది. తూర్పుకి తిరిగి నిలబడితే తూర్పు పైకి వచ్చేసింది. ఈ సౌకర్యం ఓ యాభై అయిదేళ్ళ ముందు వచ్చి ఉంటే రెండు నెలలపాటు నాకు అన్నం సహించేది. ఆ మాటే పైకి అంటే, అప్పుడు నీకు ఫోనెవరు కొనిచ్చేవారు అంది. అదీ నిజమే.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. అయ్య వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. పేటలో, అప్పట్లో బడికి ఆఖరైన పదకొండో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్లని నేనే కాబట్టి, వచ్చేపోయేవాళ్ళంతా నన్ను జాతరలో బొమ్మని చూసినట్టు చూసేవారు. అమ్మ మాత్రం ఒకటే మాట చెప్పేసింది. "పేసైతే టీసరు ట్రైనింగుకెళ్ళు. తప్పితే రేపట్నుంచి నాతో గంపెత్తాల. మరేటీ సెప్పకు." తప్పితే మళ్ళీ పరీక్షకి కట్టించే ఆలోచన మా ఇంట్లో ఎవరికీ లేదు. లెక్కలకి నేను భయపడలేదు. నా ప్రాణం తీసింది భూగోళం. శిలలు మూడు రకాలని, ఋతుపవనాలు రెండని కంఠతా పట్టేదాన్ని, పొద్దున లేచేసరికి అవన్నీ కలిసి పులుసయ్యేవి. ఆటుపోట్ల పాఠం ఒక్కటే తేలిగ్గా వచ్చింది. అమావాస్య పోటుకి మా గుమ్మం దాకా నీళ్ళు వచ్చేవి మరి.

అన్నిటికన్నా మ్యాపు మరీ కష్టం. గోడకి వేలాడే పటంలో ఉత్తరం పైన ఉంటుందనేవారు మాస్టారు. ఉత్తరం ఆకాశంలో ఎలా ఉంటుందో నాకు అర్థమయ్యేది కాదు. మా పేటలో ఎవరిని దారి అడిగినా ముందు సముద్రం వైపు తిరిగే చెప్తారు. ఒక సాయంత్రం నా ఏడుపు చూడలేక అయ్య నన్ను ఇసుకలో కూర్చోబెట్టి పుల్ల చేతికిచ్చాడు. "దీనికేటమ్మా. సంద్రాన్ని ఎదర ఎట్టుకో. ఎడం సెయ్యి ఉత్తరం, కుడి సెయ్యి దచ్చినం. ఈపు ఎనకాల పడమర. ఇంక తప్పిపోడానికి ఏటున్నాది?" అక్షరం ముక్క రాని మనిషి చెప్పిన ఆ పద్ధతితో వారంలో దేశమంతా నా చేతికొచ్చింది. బళ్ళో మ్యాపు అడ్డంగా తిప్పుకుని, తూర్పు తీరం పైకి పెట్టుకుని, చుక్కలు పెట్టేదాన్ని. తర్వాత నిలువుగా తిప్పి పేర్లు రాసేదాన్ని. మాస్టారు చూసి, చుక్కలు ఎలాగైనా పెట్టుకో, పేర్లు అడ్డదిడ్డంగా ఉంటే దిద్దేవాళ్ళు సున్నా చుడతారు అని హెచ్చరించారు.

పరీక్ష శ్రీకాకుళంలో. మ్యాపుకి పది మార్కులు. గంట కొట్టేస్తారేమోనన్న గాభరాలో చుక్కలతో పాటు పేర్లూ రాసేశాను. గోదావరి, నల్లరేగడి నేలలు, నైరుతి పవనాల బాణాలు, అన్నీ. కాగితం ఇచ్చేసి వరండాలోకి వచ్చాక, పక్కనమ్మాయి తన మ్యాపు గురించి చెబుతుంటే గుర్తొచ్చింది, పేర్లు రాసేముందు నేను మ్యాపు నిలువుగా తిప్పలేదని. మిగతా పేపరులో ఏం రాశానో నాకు తెలుసు. ఆ పది పోతే నేను పోయినట్టే.

ఇంటికి వెళ్ళేసరికి అయ్య వల బాగుచేసుకుంటున్నాడు. ఎలా రాశావని అడిగాడు. అంతే, నా భయమంతా ఆయన మీద పడింది. "నీ వల్లే పోయింది. సదువురానోడివి, నాకెందుకు సెప్పేవు?" అన్నాను. అయ్య వల పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాడు. ఫలితాలొచ్చేదాకా ఆ రెండు నెలలూ, అంతకుముందులా నాకు గాలి గురించి గానీ దిక్కుల గురించి గానీ ఒక్క ముక్క చెప్పలేదు. అమ్మ నాకని చిన్న గంప ఒకటి అల్లించి చూరుకి వేలాడదీసింది. దాన్ని చూస్తే కంచం ముందునుంచి లేచిపోయేదాన్ని.

ఫలితాలొచ్చే రోజు పాసైన నంబర్లేసే పేపరు రైల్లో ఆమదాలవలసకి వస్తుందని తెలిసి, అయ్య ఆ రోజు వేట మానేసి చీకటుండగానే బయల్దేరాడు. మధ్యాహ్నానికి చొక్కా లోపల దాచుకుని తెచ్చాడు, చెమటకి సగం తడిసిపోయింది. ఎవరిచేతా చదివించుకోలేదా అంటే, "నంబరు లేదని దారిలోనే తెలిస్తే నీ మొగం ఎలాగ సూడగలను" అన్నాడు. వరసలమీద వేలు పెట్టి వెతికాను. నా నంబరు ఉంది. తర్వాత మార్కుల కాగితం వచ్చింది, భూగోళం పేపర్లో ముప్ఫైతొమ్మిది. ముప్ఫైఅయిదు వస్తేనే పాసు. అంటే ఎక్కడో ఒక పుణ్యాత్ముడు నా మ్యాపుని ఓపిగ్గా తిప్పి చూసి దిద్దాడు.

అయ్య చెప్పింది తప్పు కాదని అప్పుడే వెళ్ళి చెప్పాల్సింది. ట్రైనింగు సంబరంలో పడ్డాను, తర్వాత ఉద్యోగం వచ్చింది, ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఆరేళ్ళకి అయ్యా పోయాడు. ఒక్క మాట వెనక్కి తీసుకోవడానికి బోలెడు రోజులున్నాయనుకున్నాను. పదహారేళ్ళ వయసులో ఎవరికైనా రోజులు బోలెడే ఉంటాయి.