బాపు సల్లల నేను కలిపిన మందు

పాణం లెక్క చూసుకునే మనిషిని ఆ ప్రేమతోటే ఆగం జేసుడు ఎట్లనో ఎవరికన్న నేర్చుకోవాలని ఉంటే నా దగ్గరికి రావాలె. నేను చేసి చూపెట్టిన. అది గూడ మూడు నెలలు, చెంచతోటి కొలిచి మరీ చేసిన.

అప్పటికింక తెలంగాణ రాలే. గోదావరిఖనిల కంపెనీ క్వార్టర్ల ఉండెటోళ్లం. మా బాపు యాకోబు బొగ్గుబాయిల పనిజేసెటోడు. మా అమ్మ రూతమ్మ మా ఇద్దరిని సంబాళించేది. నేను డిగ్రీ రెండో సంవత్సరం, బీజెడ్‌సీ. మా క్వార్టర్ల లైన్ల బీజెడ్‌సీ చదివే పిల్ల అంటే సగం డాక్టరు కింద లెక్క. ఆ లెక్కను అందరికంటె ముందుగాల నమ్మింది నేనే.

బాపు ఉప్పు తినుడు గురించి చెప్తె మీరు నమ్మరు. కంచంల అన్నం వడంగనే, కూర రుచి గూడ చూడకుంట, చెయ్యి ఉప్పు డబ్బ మీదికి పోయేది.

"జర రుచి చూసి వేస్కోరాదు?" అని అమ్మ అనేది.

"చూసుడెందుకు? నువ్వు ఎంతేసినా నాకు సాలదని తెల్సు గద!"

జామకాయ దొరికితే ఉప్పు. సల్ల పోస్తే ఉప్పు. మామిడి తొక్కు లేంది ముద్ద దిగదు. ఇగ ఎండుచాపలు ఏంచిన నాడయితె మా ఇంట్ల క్రిస్మస్సే. ఎవరన్న గింత ఉప్పేందని అడిగితే, "బాయిల చెమట కారి కారి ఒంట్లె ఉప్పంత పాయె. మళ్ల నింపొద్దా?" అనెటోడు, ట్యాంకరుకు డీజిల్ పోసినట్టు.

ఆ యేడు కంపెనీ యేటేటా చేసే మెడికల్ చెకప్‌ల బాపుకు బీపీ ఉన్నదని తేలింది. మర్నాడు దవాఖానకు నేనూ వెంట పోయిన. డాక్టరమ్మ వేరే జిల్లా నుంచి వచ్చినామె, నెమ్మదస్తురాలు. బాపు పాత దవాఖాన పుస్తకం తిరగేసి నాకు చూపెట్టింది. ఒక్కో పేజీల ఒక్కో యేడు రాసిన బీపీ. బాయిలకెల్లి బెల్టు మీద బొగ్గు మెల్లగ పైకి ఎక్కినట్టు, నంబర్లు యేటికేడు ఎక్కుకుంట వచ్చినయి.

"చూశావా అమ్మా, ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. ఇవాళ ఉప్పు ఎక్కువ తింటే రేపే పడిపోరు. అలా ఏళ్ల తరబడి తింటే మాత్రం, ఒత్తిడి కొంచెం కొంచెం పెరుగుతూనే ఉంటుంది. పైకి ఏమీ తెలియదు. మూడు నెలలు ఉప్పు బాగా తగ్గించి తీసుకురా. అప్పటికీ దిగకపోతే మాత్రలు మొదలుపెడదాం. బాయిలోకి దిగే సంగతి కూడా అప్పుడే చూద్దాం."

చివరి మాటకు బాపు మొఖం మాడిపోయింది. ఇరవై యేండ్లకు పైన బాయిల దిగిన మనిషి. పైన ఆఫీసుల స్టూలు మీద కూసోవెడ్తరేమోనని ఆయన ఫికర్. నా భయం వేరే. మా పక్క క్వార్టర్ల ఉండే కొమురయ్య కాక, బాపు జోడీదారు, అంతకుముందు యేడు పొద్దుగాల పండ్లు తోముకుంట తోముకుంటనే కూలవడ్డడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినయి. మాట ముద్దముద్దగ వచ్చేది. అదిగూడ బీపీ పుణ్యమే. దవాఖాన నుంచి ఇంటికొచ్చేదాక నా కండ్ల ముందర కాక మంచమే మెదిలింది.

ఇంటికి రాంగనే ఉప్పు డబ్బ తీసి బీరువల వెట్టి తాళమేసిన. నా టెన్త్ మెమో, ఇంటర్ మెమో, వాటి నడుమ ఉప్పు. తాళంచెవి నా మెడల గొలుసుకు.

తెల్లారి నుంచి అమ్మ కష్టాలు మొదలైనయి.

"బిడ్డా, పప్పుకు జర ఉప్పియ్యవే."

"ఎంత పప్పు?"

"నా పుట్టుకల గింత ఆరా తీసినోళ్లను చూడలే. గిద్దెడు పప్పు!"

దగ్గు మందు సీసతోటి వచ్చిన చిన్న మూత ఉంటది సూడుండ్రి, దాంట్ల సగం కొలిచి ఇచ్చేదాన్ని. తొక్కు జాడీ రాజవ్వ చిన్నమ్మ ఇంటికి, అంటే కొమురయ్య కాక ఇంటికి, పంపిన. మళ్ల ఆలోచించి, ఆ ఇంట్ల గూడ బీపీ ఉన్నదని గుర్తొచ్చి, ఉరికి తెచ్చి అవతలి లైనోళ్లకు ఇచ్చేసిన. ఆదివారం చర్చి అయినంక ఆడోళ్లందర్ని నిలవెట్టి ఉప్పు మీద ఉపన్యాసం చెప్పిన. అయ్యగారి ప్రసంగం గూడ గంత పొడుగు లేకుండె.

 బాపు మాత్రం చప్పటి కూర ముందర వెట్టుకొని, బెంచి మీద నిలవడ్డ పిల్లగాని లెక్క తినెటోడు. "ఎట్లుంది బాపు?" అంటే, "మంచిగుంది బిడ్డా, కడుపుల సల్లగుంది" అనెటోడు. చూడనట్టు చూస్తే, ఆయన చెయ్యి అలవాటు కొద్ది ఉప్పు డబ్బ ఉండే జాగకు పోయి, ఉత్తగనే తిరిగొచ్చేది. నాకు మస్తు పాపమనిపించింది.

ఆ పాపమనిపించుడే కొంప ముంచింది.

వారం తిరగంగనే దోస్తు వాళ్లక్క పెండ్లికి మంచిర్యాల పోయిన. బజార్ల ఒక మూలికల దుకాణం కనవడ్డది. లోపటికి పోయి, "కాకా, బీపీకి ఏమన్న ఉన్నదా?" అని అడిగిన.

ఆయన ఒక పాకిట్ తీసి ముందర వెట్టిండు. గులాబీ రంగు పొడి. పూల దండ దంచినట్టు అందంగ ఉన్నది.

"సైంధవ లవణం. బీపీ ఉన్నోళ్లంత గిదే తీస్కపోతరు బిడ్డా."

అమ్మ తోడు, ఆ పేరు వినంగనే నాకు చేతులు జోడించాలనిపించింది. ఏదో పాతకాలపు మునులు కొండల నుంచి తెచ్చిన మందు అనుకున్న. మీరు ఇప్పుడు నవ్వుతున్నరని నాకు తెల్సు. లవణం అంటే ఏందో ఏడో తరగతి పిల్లలకు గూడ తెల్సు. నాకు గూడ తెల్సు. గని ఆ పొద్దు ఆ తెలివి గోదావరి అవతలి ఒడ్డునే ఉండిపోయింది. రెండు పాకిట్లు కట్టిచ్చుకొని వచ్చిన. ఒకటి బాపుకు. ఒకటి రాజవ్వ చిన్నమ్మకిచ్చి, "కాకకు రోజు సల్లల కలిపి తాగియ్యి" అని చెప్పిన.

ఆ సాయంత్రమే బాపుకు గిలాసెడు సల్లల ఒక చెంచ పొడి కలిపి ఇచ్చిన. బాపు ఒక్క గుక్క తాగి ఆగిండు. నా దిక్కు చూసిండు. గిలాస దిక్కు చూసిండు. కండ్లు మూసుకొని, ఆఖరి చుక్క దాక గటగట తాగిండు.

"ఎట్లుంది బాపు? చేదుగున్నదా?"

"మందంటె గిట్లుండాలె బిడ్డా. రోజుకు ఒక్కటేసారా?"

"పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి."

"డ్యూటీకి గూడ ఒక సీస కట్టియ్యరాదు? బాయిల మస్తు ఉడుకపోస్తది."

చప్పటి తిండికి వాడిపోయిన మొఖం మందుతోటి కళకళలాడుతుంటె, నేను సగం డాక్టరు కాదు, ముప్పావు డాక్టరైన.

మూడు నెలలు అయినయి. ముగ్గురం దవాఖానకు పోయినం. వరుసల అందరికి వినవడేటట్టు నేనే చెప్పుకుంట కూసున్న, మా ఇంట్ల ఉప్పు బీరువల ఉంటదని. డాక్టరమ్మ బాపు జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, చెవులల్ల గొట్టం వెట్టుకొని విన్నది. మళ్ల కొట్టి మళ్ల విన్నది.

"ఇదేంటమ్మా? పోయినసారి కంటే పెరిగింది!"

 గిర్రున బాపు దిక్కు తిరిగి, అంతమంది నడుమ అరిచిన. "బాపు! నిజం చెప్పు. నాకు తెల్వకుంట ఏం తిన్నవ్?"

బాపు తల దించుకున్నడు. "తిన్న బిడ్డా. బాయిల తోటోళ్ల డబ్బలకెల్లి తొక్కు తిన్న."

"ఎన్నిసార్లు?"

"రోజు."

ఇగ నేను ఆగలే. కొమురయ్య కాకను చూసి గూడ బుద్ధి రాలేదా అన్న, మేమేం గావాల్నన్న, ఏడ్చిన.  అప్పుడు మా అమ్మ, పాపం నన్ను మెచ్చుకునేటందుకే, సంచిలకెల్లి పాకిట్ తీసింది.

"బిడ్డ తప్పేం లేదు మేడం. మంచిర్యాల నుంచి మందు గూడ తెచ్చి రోజు తాగిస్తున్నది, గీ మనిషికే నోరు ఆగదు."

డాక్టరమ్మ పాకిట్ మీద పేరు చదివింది. వేలుతోటి కొంచెం నాలిక మీద వెట్టుకున్నది.

"రోజుకు ఎంత?"

"రెండు చెంచలు మేడం," అన్న, గర్వంగ.

"నువ్వేం చదువుతున్నావమ్మా?"

"బీజెడ్‌సీ మేడం."

"అందులో సీ అంటే ఏంటి?"

"కెమిస్ట్రీ..."

ఆ మాట నా నోట్లకెల్లి వచ్చుకుంట వచ్చుకుంటనే నాకు అర్థమయింది. ల్యాబుల ఆ వారమే లవణ విశ్లేషణ చేసి, రికార్డుల సంతకం గూడ పెట్టిచ్చుకున్న. వరుసల ఎవరో కిసుక్కున నవ్విండ్రు. డాక్టరమ్మ నవ్వలే.

"ఉప్పు తెల్లగా ఉన్నా, గులాబీగా ఉన్నా ఉప్పే. రాతిలోంచి తీసినా, సముద్రంలోంచి తీసినా ఒత్తిడిని పెంచే గుణం పోదు. నువ్వు ఇంటి ఉప్పు ఆపి, దానికంటే ఎక్కువ మజ్జిగలో పోశావు."

అప్పుడు నాకు రెండో పాకిట్ యాదికొచ్చింది.  చెప్పులు ఎక్కడ ఇడిచిన్నో తెల్వదు, దవాఖాన నుంచి రాజవ్వ చిన్నమ్మ ఇంటి దాక ఉరికిన. దారిల నేను చేసిన ప్రార్థనలు యేడాదికి సరిపోతయి.

"చిన్నమ్మా! కాక... ఆ పొడి..."

ఆమె చాటల బియ్యం ఏరుకుంట తలెత్తింది. "ఆ పొడా బిడ్డా? ఏమనుకోకు, వాడలే. నువ్విచ్చిన నాడే ఇప్పి మీ కాకకు చూపెట్టిన. పొడికి జర ఏలు తాకిచ్చి నాకి 'ఉప్పు, ఉప్పు' అన్నడు. మందు వద్దని కూరల ఉప్పు అడుగుతున్నడనుకొని నేను కోపంజేసి పాకిట్ అటుక మీద వడేసిన."

మంచంల కాక నా దిక్కు చూసి, సగం మూతితోటే నవ్విండు. మాట సరిగ రాని మనిషి ఒక్క సెకండుల చెప్పిన సంగతి నాకు మూడు నెలలు పట్టింది. ఆయన కాళ్ల దగ్గర కూసోని ఎక్కెక్కి ఏడ్చిన. కాక ఎడమచెయ్యి నా తల మీద వెట్టిండు.

ఇంటికొస్తె బాపు గడప మీద కూసున్నడు, నా చెప్పులు పక్కకు వెట్టుకొని.

"బాపు, తొక్కు తిన్నవా?"

"లేదు బిడ్డా. ఒక్కనాడు గూడ తినలే."

"మరి తిన్ననని ఎందుకన్నవ్?"

"అంతమందిల నీ మాట తప్పయితదని."

 చెప్పులు అవతలికి జరిపి ఆయన పక్కన కూసున్న. "మరి ఆ పొడి ఉప్పని నీకు తెల్వదా?"

"మొదటి గుక్కకే తెల్సింది."

"తెల్సి చెప్పలేదేంది బాపు!"

బాపు అటు ఇటు చూసి, మెల్లగ అన్నడు. "చెప్తె గది గూడ బీరువల వెడ్తవు గద బిడ్డా!"

లోపట అమ్మ నవ్విన నవ్వుకు గిన్నెలు కింద వడ్డయి.

తర్వాత డాక్టరమ్మ మాత్రలు రాసింది. కూరల ఉప్పు మెల్లమెల్లగ తగ్గించినం, తొక్కు పండుగకే. నెల నెల పోంగ పోంగ, యేడాదిన్నరకు నంబరు దిగింది. ఎక్కినప్పుడు ఎంత నిమ్మళంగ ఎక్కిందో, దిగినప్పుడు గూడ అంతే నిమ్మళం. బాపు రిటైరయ్యేదాక బాయిల దిగిండు, ఆఖరి షిఫ్టు నాడు తన కాళ్ల మీద తనే పైకొచ్చిండు. తెలంగాణ వచ్చిన నాడు చౌరస్తల మోకాళ్ల నొప్పి మర్చిపోయి డప్పుకు ఎగిరిండు. ఇప్పుడు లేడు. మనుమలతోటి ఆడుకొని, మంచి ముసలితనం చూసి పోయిండు.

అందుకే, చదివే మీరందరు సాక్షిగ, నా కెమిస్ట్రీ రికార్డు మీద చెయ్యివెట్టి ప్రమాణం చేస్తున్న. ఇగ నా జన్మల, ఎంత అందమైన పేరున్న పొడి అయినా, ఎంత మంచి రంగున్న పొడి అయినా, ముందుగాల నేను నాకి చూడకుంట ఎవ్వరి సల్లల కలుపను.